కడబంతి ఆకు

మా నాయిన బాలమల్లు అత్వెల్లి దగ్గర, నాగపూర్ రోడ్డు పక్కన హోటల్ నడిపేవాడు. హోటల్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. మూడు వైపులా రాతిగోడలు, పైన రేకులు, ముందు తాటికమ్మల పందిరి, రెండు బెంచీలు. రేకుబోర్డు మీద ఎర్రరంగుతో 'మిలట్రీ హోటల్' అని రాసి ఉండేది. అది చూసి మాంసం కూర దొరుకుతుందని లారీవాళ్లు ఆగేవాళ్లు. దొరికేది కూడా. కానీ పొయ్యి దగ్గర చెమటలు కక్కుతున్న ఆ పొట్టి మనిషి నిజంగానే మిలట్రీలో పనిచేసి వచ్చాడని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఆయన చెప్పుకునేవాడు కాదు. ఊళ్లో ఎవరైనా ఆ ముచ్చట ఎత్తితే "వంట జేసిన, అంతే" అని లేచిపోయేవాడు.

ఆ హోటల్లో ఒక మాట అనకూడదు. అన్నం అయిపోయిందని. మధ్యాహ్నం బేరం ముగిసి అమ్మ గిన్నెలు తోముకుంటున్నప్పుడు ఎవడో లారీ ఆపి "అన్నం ఉన్నదా?" అని అడిగితే, నాయిన "ఉన్నది, కూసో" అనేవాడు. ఉండేది కాదు. మళ్లీ పొయ్యి రాజేసి, బియ్యం కడిగి, వాడి ముందు పళ్లెం పెట్టేదాకా ఆయనకు కాలు నిలిచేది కాదు. మా అమ్మ బుచ్చవ్వ శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాళ్ల బిడ్డ. బజార్లో చేపలమ్మి పెరిగిన నోరు. "హోటల్ బెట్టినవా, సత్రం బెట్టినవా?" అని కడిగిన గిన్నెలు ఎత్తేసేది. ఆయన పొయ్యి ఊదుకుంటూ ఉండేవాడు.

"బాలమల్లు ధర్మాత్ముడు" అని ఊరంతా అనేది. ఆ మాట చెవిన పడగానే నాయిన తేలు కుట్టిన దొంగలా అయిపోయి, అవసరం ఉన్నా లేకున్నా ఉల్లిగడ్డలు ముందేసుకుని కోయడానికి కూర్చునేవాడు. నేను చాలా కాలం దాన్ని వినయం అనుకుని మురిసిపోయాను. వినయం కాదు, సిగ్గు అని తెలిసేసరికి నాకు పద్నాలుగేళ్లు వచ్చాయి.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్యను మా వైపు పెత్రమాస అంటారు. పోయినవాళ్లకు పెట్టుకునే రోజు. పొద్దున్నే అయ్యగారికి వాళ్ల పేర్ల మీద బియ్యం ఇచ్చి, ఇంట్లో వాళ్లకు ఇష్టమైనవి వండి, ఒక్కొక్క పేరు తీసి ఒక్కొక్క ఇస్తరాకు వేసి వడ్డిస్తాం. ఊదు పొగ వేసి, దండం పెట్టుకుని, వాళ్లు తిన్నారనుకున్నాకనే మనం తింటాం. మా ఇంట్లో ఈ పనంతా పెందలాడే ముగించేవాళ్లం. ఎందుకంటే ఆ రోజు నాయిన రావల్కోల్ వెళ్లాలి. అక్కడ ఈదమ్మవ్వ ఇంట్లో ఆమె కొడుకు యాదగిరి కోసం వండాలి.

ఈదమ్మవ్వ మాకు చుట్టం కాదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు యాదగిరి డెబ్బైఒకటి యుద్ధంలో చనిపోయాడు. అదే పల్టన్‌లో నాయిన వంటవాడు. కొడుక్కి ఆఖరిసారి అన్నం పెట్టింది నాయినేనని ఆమె నమ్మకం. అందుకే ప్రతి పెత్రమాసకూ కబురు పెట్టేది. "గా దినం నా కొడుక్కు ఎట్ల వండినవో గట్లనే వండు బిడ్డా" అనేది. నాయిన ఆమె ఇంటి వెనక మూడు రాళ్ల పొయ్యి మీద మాంసం కూర వండేవాడు. యాదగిరి ఆకులో మొదటి గరిటె ఆయనే వేయాలి. వేశాక ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకునేది.

చిన్నప్పుడు నేను ఈ రోజు కోసం ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. ఆ కూర అంత బాగుండేది. హోటల్లో వండే కూర దాని కాలిగోటికి సరిపోదు. అడిగి అడిగి వేయించుకునేదాన్ని. నాయిన మాత్రం ముట్టేవాడు కాదు. "వండినోనికి వాసనతోనే కడుపు నిండుతది" అనేవాడు. నేనూ నమ్మేదాన్ని.

ఒక పెత్రమాస నాడు రావల్కోల్ నుంచి తిరిగొచ్చాక, నాయిన హోటల్ వెనక గోడ పట్టుకుని కక్కుకోవడం చూశాను. పొద్దున్నుంచీ ఏమీ తినని మనిషి ఏం కక్కుతాడు? వెళ్లి అమ్మను నిలదీశాను. అమ్మ మొదట కసిరింది. నేను వదల్లేదు, ఆమె కూతుర్నే కదా. చివరికి చేపలు తోముతూ, నా మొహం చూడకుండా అంతా చెప్పింది. చెప్పి, "కడుపు జించుకుంటె కాళ్ల మీద పడ్తది శైలజా. నోరు మూసుకో" అంది.

అమ్మ చెప్పింది ఇది.

నాయినా, యాదగిరీ ఒకే రోజు సికింద్రాబాద్ వెళ్లి మిలట్రీలో చేరారు. ఆ ఏడు వానల్లేవు, చెరువులెండాయి, ఊళ్లో కూలి దొరకలేదు. దేశం కోసం వెళ్లారని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, ఇద్దరూ వెళ్లింది తిండి కోసం. యాదగిరి ఎత్తరి, తుపాకీ ఇచ్చారు. నాయిన పొట్టి, గరిటె ఇచ్చారు.

అంత దూరంలో, తెలుగు రాని వాళ్ల నడుమ, అత్వెల్లీ రావల్కోలూ ఒకే ఇల్లు కింద లెక్క. యాదగిరి అన్నం దగ్గర ఎప్పుడూ తొందరపడేవాడు కాదు. లైన్లో అందరికన్నా వెనక నిలబడి, "వడ్డించెటోడు మనోడైతే కడబంతిల కూసున్నా ఫికర్ లేదు" అని నవ్వేవాడు. నిజంగానే నాయిన అతనికోసం అడుగున నాలుగు ముక్కలు దాచి ఉంచేవాడు. ఇట్లాంటివి ఎన్నాళ్లు దాగుతాయి? మిగతావాళ్లు కనిపెట్టారు. ఒక హవల్దారు అందరి ముందూ నాయిన చేతిలో గరిటె గుంజుకుని, నీ ఊరివాడికేనా కడుపు, మాకు లేవా అని హిందీలో కడిగేశాడు. నాయినకు తల కొట్టేసినట్లయింది. అప్పటినుంచి యాదగిరికి చివరన పెట్టేవాడు, అందరికన్నా తక్కువ పెట్టేవాడు. మనవాళ్లతో ఇదే చిక్కు. పక్షపాతం లేదని లోకానికి చూపించుకోవాల్సి వస్తే ముందుగా మాడ్చేది సొంతవాళ్ల కడుపే.

యుద్ధం మొదలైంది. తూర్పు సరిహద్దులో ఒక సాయంత్రం, రోజంతా నడిచివచ్చాక, నాయిన అన్నం, పప్పు దించాడు. ఇంకా వడ్డన మొదలు కాలేదు. యాదగిరి పరుగున వచ్చాడు. ఎప్పుడూ చివరికి వచ్చేవాడు ఆ రోజు ముందుకొచ్చాడు.

"మల్లన్నా, గింతంత పెట్టు. మమ్ముల జల్దీ ముందుకు పొమ్మనేటట్టున్నరు. మస్తు ఆకలైతాంది."

పళ్లెం కూడా తెచ్చుకోలేదు, రెండు చేతులూ చాపాడు. నాయిన చుట్టూ చూశాడు. హవల్దారు అక్కడే నిలబడి ఇటే చూస్తున్నాడు.

"అందరి లెక్కనే లైన్ల నిలబడు. నా దగ్గర మనోడు లేడు, పరాయోడు లేడు."

గట్టిగా, నలుగురికీ వినపడేటట్లు అన్నాడు. వాళ్లకు తెలుగు రాకపోయినా ఆ గొంతు అర్థమైంది. యాదగిరి నవ్వబోయి ఆగిపోయాడు. వెళ్లి లైన్ చివర నిలబడ్డాడు. ఆ లైన్ సగం కదలకముందే ఈల మోగింది. ఉన్నవాళ్లు ఉన్నట్టే లారీలెక్కారు. తిన్నవాళ్లు తిన్నారు, తిననివాళ్లు తినలేదు. మరునాడు యాదగిరి లేడన్న కబురు వచ్చింది. అప్పటికింకా నాయిన దగ్గర గంజులో ఆ అన్నం మిగిలే ఉంది.

సెలవు మీద వచ్చినప్పుడు నాయిన రావల్కోల్ వెళ్లాడు. కొడుకు ఎట్లా పోయాడని ఈదమ్మవ్వ అడగలేదు. గుండు ఎక్కడ తగిలిందని అడగలేదు. "తిన్నడా బిడ్డా?" అని అడిగింది. నాయిన "తిన్నడవ్వా" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "మాంసం కూర. కడుపునిండ తిన్నడు. నేనే పెట్టిన" అని కూడా అన్నాడు. మొదటి మాట ఆమె మొహం చూడలేక వచ్చి ఉంటుంది. రెండో మాట ఎందుకొచ్చిందో ఆయనకే తెలియదు. ఆ ఏడాది పెత్రమాసకే ఆమె నుంచి మొదటి కబురు వచ్చింది.

ఇదంతా తెలిశాక ఆ కూర నా గొంతు దిగలేదు. ఈదమ్మవ్వ మాత్రం ఎప్పటిలాగే నా ఆకులో ముక్కలేస్తూ, "తిను బిడ్డా, మీ నాయిన చెయ్యి సల్లని చెయ్యి" అనేది. తినకపోతే అనుమానం వస్తుందని నీళ్లు తాగి తాగి మింగేదాన్ని. ఆ ఇంటి గడప దాటేదాకా తల ఎత్తాలంటే సిగ్గు. వండేది ఆయన, అబద్ధం ఆయనది, మింగేది మేము.

ఒకసారి రావల్కోల్ నుంచి మోపెడ్ మీద వస్తూ, ఆయన వీపు వెనక కూర్చుని అనేశాను.

"చెప్పెయ్యరాదే నాయినా."

"చెప్తె ఆమె బతుకుతదా?"

"చెప్పకుండ నువ్వు బతుకుతున్నవా?"

పదహారేళ్ల నోరు. నాయిన మేడ్చల్ వచ్చేదాకా బండి మెల్లగానే నడిపాడు, కానీ చేతులు గట్టిగా బిగించాడు. ఇంటికి వచ్చాక అమ్మ నాకు రెండు తగిలించింది. ఆ ముచ్చట మళ్లీ ఎత్తలేదు.

తొంభైతొమ్మిదిలో కార్గిల్ యుద్ధం వచ్చింది. టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ జనం. అంతవరకూ ఈదమ్మవ్వను "ఓ ముసల్దానా, పక్కకు జరుగు" అన్నవాళ్లకే ఆమె ఉన్నట్టుండి వీరమాత అయింది. కొడుకు పోయాక ఆమె మంది పొలాల్లో నాట్లేసి, కలుపు తీసి, పిడకలు చరిచి బతికింది. ఇన్నేళ్లలో యాదగిరి పేరు తీసినవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు, ఆమె, పెత్రమాస నాడు మా నాయిన తప్ప. దేశభక్తి కూడా మా హోటల్ చాయ్ వంటిదే. పొయ్యి మీద ఉన్నంతసేపే పొంగుతుంది.

పంద్రాగస్టు నాడు మేడ్చల్‌లో కొందరు యువకులు సభ పెట్టారు. వాళ్ల తరఫున బడిపంతులు భాస్కర్ సార్ హోటల్‌కు వచ్చి నాయినను రమ్మన్నాడు.

"నేనేం జేసిన సార్? వంట జేసిన" అని నాయిన చేతులు జోడించాడు.

"గదే మాకు గొప్ప. నువ్వు రాకుంటె ఆ అవ్వ గుడ రానంటాంది" అన్నాడు సార్.

ఇక తప్పలేదు. అమ్మ ఇస్త్రీ అంగీ తొడిగి పంపింది. తోడుగా నేను వెళ్లాను.

వేదిక మీద ఈదమ్మవ్వకు శాలువా కప్పారు, నాయినకూ కప్పారు. పాటలు, ఉపన్యాసాలు అయ్యాక ఆమెకు మైకిచ్చారు. అప్పటికే ఆమెకు చూపు సరిగా ఆనేది కాదు. మైకును గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది.

"నేనేం జెప్త సారూ. నా కొడుకు ఆకలితోని పోలే. నాకదే సాలు. గీ బాలమల్లు పెట్టిండు. గీ చేతులు జూడుర్రి."

తడుముకుని నాయిన చేతులు రెండూ పట్టుకుని పైకెత్తింది. చప్పట్లు మోగాయి. ఈలలు కూడా వేశారు. నేను కింద కూర్చుని చూస్తున్నాను. ఫొటో తీసేవాడు ఇటు చూడమంటే నాయిన నేలకేసి చూశాడు. బాలమల్లుకు ఎంత సిగ్గో అని పక్కనున్న ఆడవాళ్లు ముచ్చటపడి నవ్వారు. నాకు మాత్రం, ఆయన మా నాయిన కాకపోతే ఎంత బాగుండును అనిపించింది. అట్లా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

ఇంటికి వచ్చి నాయిన ఆ శాలువాను మడతపెట్టి బియ్యం బస్తా వెనక్కి తోసేశాడు. మరునాడు పొయ్యి వెలిగించలేదు. లారీలు ఆగి, హారన్ కొట్టి, వెళ్లిపోయాయి. అమ్మ అరవలేదు. అరవని అమ్మను చూడటం నాకు అదే మొదటిసారి.

ఆ ఏడాది పెత్రమాసకు మామూలుగానే కబురొచ్చింది. నాయినా, నేనూ వెళ్లాం. ఈదమ్మవ్వ బాగా ఒంగిపోయింది. పళ్లన్నీ ఊడిపోయి, కొంతకాలంగా జొన్న అంబలి మీదే బతుకుతోంది. మూలకు ఆ కుండ ఉంది. ఆమె తమ్ముడి కొడుకు, కోడలు, వాళ్ల పిల్లలు వచ్చి ఉన్నారు. నాయిన ఎవరితో మాట్లాడకుండా ఇంటి వెనకకు వెళ్లి పొయ్యి వెలిగించాడు.

కూర దిగింది. యాదగిరి ఆకు పరిచారు. నాయిన గరిటె చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు ఈదమ్మవ్వ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, మళ్ల పెత్రమాసకు నేనుంటనో లేనో. నేను పోయినంక నా కొడుకు ఆకు మీ ఇంట్ల వెయ్యుర్రి. మీ నాయిన గుడ ఎన్నొద్దులుంటడు? ఆయన తర్వాత నువ్వే వెయ్యాలె. గీ కూర నేర్చుకో. గా దినం వాడు ఏం తిన్నడో గదే పెట్టాలె, ఇంకోటి వద్దు. నా చేతుల చెయ్యేసి చెప్పు."

అరచెయ్యి చాపింది. పిడకల పనితో గట్టిపడిన చెయ్యి. ఒట్టు వేయడానికి నాకు మనసొప్పలేదు, వేయనని చెప్పే ధైర్యమూ లేదు. పదహారేళ్లప్పటి నోరు ఆ రోజు ఎటు పోయిందో. నేనూ చెయ్యి చాపాను. నాయిన గరిటె కింద పెట్టి, నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

"దానితోని ఒట్టు వెయ్యించకవ్వా" అన్నాడు. "గీ కూర వాడు తినలే."

"ఏంది?"

"ఏం తినలే వాడు. ఆకలైతాందని నా దగ్గరికే వచ్చిండు. చేతులు చాపిండు. నేనే పెట్టలే. అందరు సూస్తున్నరని లైన్ల నిలబడుమన్న. వాని వంతు రాకముందే తీస్కపోయిన్రు. ఆకలితోనే పోయిండవ్వా. నీకు నేను అబద్ధం జెప్పిన."

తమ్ముడి కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈదమ్మవ్వ తిడుతుందనుకున్నాను. దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. గుండె ఆగిపోతుందేమోనని భయపడ్డాను. నాయిన గొంతు వచ్చిన వైపు ఆమె మొహం తిప్పి అడిగింది.

"గా దినం ఏం వండినవ్ మరి?"

"పప్పు. అన్నం."

"పప్పా? పప్పంటె మూతి దిప్పుతుండె వాడు. గానాడైతె తింటుండె."

నాయిన తల వంచుకున్నాడు.

"బాలమల్లూ, పస్తున్నోనికి మొదలు ఏం పెడ్తరు? నువ్వు వంటోనివి గద, చెప్పు."

జవాబూ ఆమే ఇచ్చింది.

"అంబలి పోస్తరు. కాలిన కడుపుకు మాంసం పెడ్తె ఏడ దిగుతది? ఏడాదికొక్కపారి వస్తడు నా కొడుకు. ఆకలితోని వచ్చుడు, గీ కూర మొకం జూసి పోవుడు. గా దినం నువ్వు ఒక్క పూట పస్తు పంపినవ్. గిన్నేండ్ల సంది నాతోని పస్తు పంపించినవ్."

గొంతు పెంచలేదు. మామూలుగా, పొలంలో కూలీకి పని తప్పు చూపించినట్లు చెప్పింది. నాయిన కింద పెట్టిన గరిటె పక్కనే కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లూ నాయిన సిగ్గుపడింది ఆ ఒక్క సాయంత్రం గురించి. మేమూ దానికే సిగ్గుపడుతూ, అబద్ధం ఈమెనన్నా కాపాడుతోంది కదా అని సరిపెట్టుకున్నాం. ఆ అబద్ధం ప్రతి ఏడూ ఒక తల్లి చేతిలోంచి కొడుకు అన్నం గుంజుకుంటోందని నాయినకు గానీ, నోరు మూసుకోమన్న అమ్మకు గానీ, చెప్పెయ్యమని ఎగిరిన నాకు గానీ తట్టలేదు.

ఈదమ్మవ్వ నేల మీద చెయ్యి ఊని లేచింది. పట్టుకోబోతే నన్ను వద్దంది. తడుముకుంటూ వెళ్లి, పరిచిన ఆకు తానే తీసేసింది. మూలన కుండలోంచి అంబలి ముంచి, మోదుగాకు దొప్పలో పోసి, ఇంత ఉప్పేసి, ఆకు ఉన్నచోట పెట్టింది. ముందు కూర్చుంది.

"తాగు కొడుకా. మెల్లగ తాగు" అంది. "నాకెర్కలేకుండె."

అప్పుడు ఏడ్చింది. మేమెవరం దగ్గరికి వెళ్లలేకపోయాం.

ఊదు పొగ ఆరాక తమ్ముడి కొడుకు కుటుంబం తినడానికి కూర్చున్నారు. ఆ కూర పిల్లలు తిన్నారు, వాళ్లకేం తెలుసు. నాయిన లేచి, కండువా భుజాన వేసుకుని, గడప వైపు నడిచాడు. ఆ అడుగుల చప్పుడు ఆమెకు వినపడింది.

"ఏడికి?"

"పోతనవ్వా."

"కూసో. నిన్ను మాఫ్ జేసిన అనుకోకు. నేను జెయ్య. గని పెత్రమాస నాడు నా ఇంట్లకెల్లి ఎవ్వలు ఆకలితోని పోవద్దు. నువ్వు జేసిన పని నాతోని జేయించకు."

నాయిన కూర్చున్నాడు. గడప పక్కన, అందరికన్నా చివర. అందరూ తిని లేచాక ఆమె ఆయన ముందు అంబలి గిన్నె పెట్టింది. ఆ ఇంట్లో నాయిన నోట్లో ఏదైనా పెట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. గిన్నె ఎత్తి, మొహం కనపడకుండా తాగాడు.

మరుసటి ఏడు కబురు రాలేదు. నాయిన పిలవకుండానే వెళ్లాడు. వచ్చావా అని ఆమె అనలేదు, పొమ్మనీ అనలేదు. అందరూ తిన్నాక గిన్నెడు అంబలి పోసింది, అంతే. ఆ తరువాతి పెత్రమాసకు ఆమె లేదు. పోయేముందు తమ్ముడి కొడుకుతో, "యాదగిరి ఆకు బాలమల్లు ఇంట్లనే వెయ్యాలె. వాని అన్నం ఆడనే మిగిలున్నది" అని చెప్పిందట. ఆ మాట మోసుకుని అతను అత్వెల్లి వచ్చినప్పుడు నాయిన పిండి కలుపుతున్నాడు. చేతులు కడుక్కోకుండానే దండం పెట్టాడు.

అట్లా యాదగిరి మా ఇంటికి వచ్చాడు. మొదట దొప్పలో అంబలి, తరువాత ఆకులో అన్నం, పప్పు. మాంసం లేదు. ఆ పప్పు నాయినే వండేవాడు, ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు హోటల్ పందిరి పోయింది, ఆ తరువాత హోటలే పోయింది. మంచం పట్టాక నాయిన అందరినీ పొమ్మని నన్నొక్కదాన్నే ఉండమన్నాడు. ఇదీ ఒక ఒట్టే, కానీ ఈసారి చెయ్యి చాపింది ఆయన.

"రేపు నా ఆకు వేస్తవు గద. యాదగిరి పేరు తీసినంకనే నా పేరు తియ్యి. వాడు తిన్నంకనే నాకు పెట్టు."

"సొంత నాయినకు కడబంతిల పెట్టాల్నా? నేను పెట్ట" అన్నాను. కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి.

"లైన్ల నిలబడ్త బిడ్డా" అన్నాడు. "గంతే."

నాయిన పోయి రెండేళ్లయింది. మొన్న పెత్రమాసకు అంబలి కాచాను, పప్పు వండాను. ముందు యాదగిరి పేరు తీశాను. ఆ తరువాత మా తాతలు, అవ్వలు, అందరి పేర్లూ వరసగా తీసి, అందరికీ వడ్డించాను. చివర గడప పక్కన నాయిన ఆకు వేశాను. వడ్డించేది కన్నకూతురే. అయినా ఆ ఆకులో ఒక్క మెతుకు ఎక్కువ వేయలేదు. వేస్తే ఆయన తినడు.